కార్డురా, బాలిస్టిక్ నైలాన్ బ్యాగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాగులు కుట్టడం, పాతవి బాగుచేయడం నా పని. ఎవరు వచ్చినా ముందు అడిగేది "ఇది ఎన్ని డెనియర్లు?" అనే. డెనియర్ అంటే పోగు ఎంత లావో చెప్పే కొలత. కానీ నా బల్ల మీదికి వచ్చే బ్యాగుల్లో బట్ట చిరిగినవి చాలా తక్కువ. కుట్టు ఊడినవి, జిప్పు పోయినవి, లోపలి పూత రాలినవే ఎక్కువ. మంచి బట్ట కొన్నామన్న ధీమాతో మిగతావి చూడకపోవడం వల్ల జరిగే నష్టం ఇది. మళ్ళీ మళ్ళీ వచ్చే సందేహాలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## బట్ట గురించి

కార్డురా అంటే బట్ట పేరా, కంపెనీ పేరా?

బ్రాండు పేరు. అమెరికాకు చెందిన డ్యుపాంట్ కంపెనీ 1929లో ఈ పేరును నమోదు చేసింది. అప్పట్లో అది నైలాన్ కాదు, రేయాన్. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక వాహనాల టైర్లలో దాన్ని వాడారు. నైలాన్‌తో కార్డురా వచ్చింది 1966లో. దానికి సరిగ్గా రంగు పట్టించే పద్ధతి 1977లో దొరికింది. ఆ తర్వాతే అది బ్యాగులు, సూట్‌కేసుల్లోకి పెద్ద ఎత్తున వచ్చింది. 2004లో ఈ వ్యాపారం ఇన్విస్టా పేరుతో డ్యుపాంట్ నుంచి వేరుపడి చేతులు మారింది.

ఒక సంగతి గుర్తుంచుకోండి. ఇప్పుడు కార్డురా లేబుల్ ఒక్క బట్టకే కాదు, ఎన్నో రకాలకు ఉంటుంది. సన్నని నైలాన్, రీసైకిల్ చేసిన పాలిస్టర్, నూలు కలిసిన బట్ట కూడా ఆ పేరుతో వస్తాయి. కాబట్టి లేబుల్ చూసి ఆగిపోకుండా, అది ఏ పోగు, ఎంత మందం అన్నది కూడా అడగాలి.

బాలిస్టిక్ నైలాన్ తూటాను ఆపుతుందా?

ఆపదు. రెండో ప్రపంచ యుద్ధంలో విమాన సిబ్బందికి బాంబు ముక్కలు, శకలాలు తగలకుండా వేసుకునే కోట్ల కోసం ఈ బట్టను తయారుచేశారు. ఆ పేరు అక్కడిదే. సూటిగా వచ్చే తూటా ముందు అది నిలవలేదు. 1965లో డ్యుపాంట్‌లోనే స్టెఫనీ క్వోలెక్ కనిపెట్టిన పదార్థం కెవ్లార్‌గా వచ్చాక, రక్షణ కోట్ల నుంచి నైలాన్ తప్పుకుంది. పేరు మాత్రం బ్యాగుల్లో మిగిలింది.

కార్డురాకీ బాలిస్టిక్ నైలాన్‌కీ తేడా ఏమిటి? ఏది గట్టిది?

ఇక్కడ చెప్పేది నైలాన్‌తో చేసిన కార్డురా గురించి. అలా చూస్తే రెండూ నైలానే. తేడా పోగులోనూ నేతలోనూ ఉంది.

అందరికీ తెలిసిన కార్డురా పోగును తయారుచేసేటప్పుడు దాని మీదికి గాలిని వేగంగా ఊదుతారు. అందులోని సన్నని తంతువులు చిన్న చిన్న ఉచ్చుల్లా చిక్కుకుని, పోగు కాస్త గరుకుగా, నూలు దారంలా తయారవుతుంది. దాన్ని మామూలుగా ఒక పోగు పైన, ఒక పోగు కింద వచ్చేలా నేస్తారు. చేత్తో తడిమితే కాన్వాసులా ఉంటుంది, మెరుపు ఉండదు.

బాలిస్టిక్ పోగు నున్నగా మెరుస్తుంది. దాన్ని రెండేసి పోగులు కలిపి, చాప అల్లినట్టు నేస్తారు. మొదట్లో వచ్చినది 1050 డెనియర్ పోగుతో, చదరపు మీటరుకు సుమారు 610 గ్రాముల బరువుతో ఉండేది. జంట పోగుల నేత వల్ల ఒక లాభం ఉంది. ఎక్కడైనా చిరగడం మొదలైతే, పక్కపక్క పోగులు దగ్గరికి జరిగి ఒకదానికొకటి తోడై బలాన్ని పంచుకుంటాయి. అందుకే చిరుగు త్వరగా పాకదు.

నా అనుభవంలో, నేల మీద ఈడ్చే సూట్‌కేసుకు, పనిముట్ల సంచికి బాలిస్టిక్ మంచిది. దేన్ని తగిలినా జారిపోతుంది. వీపున వేసుకునే సంచికి కార్డురా హాయి. కాస్త తేలిక, వంగుతుంది, గీతలు పడినా కనపడవు. మొనదేలిన వస్తువులు తగిలే చోట బాలిస్టిక్‌లో పోగు పైకి లేచే అవకాశం ఎక్కువ. కాబట్టి "ఏది గట్టిది" అని కాకుండా, "నా బ్యాగు దేనికి రాసుకుంటుంది" అని ఆలోచించండి.

డెనియర్ అంటే ఏమిటి?

9000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 1000 డెనియర్ పోగు తొమ్మిది కిలోమీటర్ల పొడవుంటే కిలో బరువు ఉంటుంది. అంతే. అది పోగు ఎంత లావో చెబుతుంది. పోగు దేనితో చేశారో, ఎంత దగ్గరగా నేశారో, వెనక ఏ పూత వేశారో చెప్పదు.

1680 డెనియర్ అని రాసి ఉంది. 1000 కంటే గట్టిదేగా?

అలా అనుకోవడానికి లేదు. 1680 అనేది ఎక్కువగా 840 డెనియర్ పోగులు రెండు కలిపి పేనగా వచ్చిన లెక్క. అది నైలాన్ అయితే నిజంగానే దిట్టమైన బట్ట. కానీ ఇదే సంఖ్యతో పాలిస్టర్ బట్ట కూడా చాలా దొరుకుతుంది. నైలాన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.14 గ్రాములు, పాలిస్టర్‌ది 1.38. అంటే డెనియర్ ఒకటే అయినా పాలిస్టర్ పోగు సన్నగా ఉంటుంది. రాపిడికి నైలాన్ ఓర్చుకున్నంతగా పాలిస్టర్ ఓర్చుకోదు కూడా. వదులుగా నేసిన 1680 పాలిస్టర్ కన్నా దగ్గరగా నేసిన 1000 డెనియర్ నైలాన్‌నే నేను నమ్ముతాను.

నాకు 500 డెనియర్ చాలా, 1000 కావాలా?

రోజూ ఆఫీసుకో కాలేజీకో తీసుకెళ్ళే బ్యాగుకు 500 చాలు. చాలామంది 1000 కొని, ఆ బరువును ఏళ్ళ తరబడి అనవసరంగా మోస్తారు. నేల మీద పడేసే సంచి, బండికి కట్టే సంచి, రాళ్ళలో తిరిగే సంచి అయితే 1000 తీసుకోండి. అడుగుభాగం మాత్రం 1000, మిగతాది 500 పెట్టి కుట్టిన బ్యాగు దొరికితే ఇంకా మంచిది. అరుగుదల ఎక్కువగా అడుగునే, అందులోనూ మూలల్లోనే ఉంటుంది.

## కొనేటప్పుడు

ఇది నైలానో పాలిస్టరో ఎలా తెలుసుకోవాలి?

ముందు లోపలి లేబుల్ చూడండి. అది లేకపోతే, లోపలి అంచు దగ్గర వేలాడే పోగు ఒకటి కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని వెలిగించి చూడొచ్చు. పాలిస్టర్ నల్లటి పొగ వదులుతుంది, చివర నల్లటి గట్టి పూస మిగులుతుంది. నైలాన్ పొగ అంత నల్లగా ఉండదు, పూస బూడిద రంగులో ఉంటుంది. రెండూ కరిగి చుక్కలుగా కారతాయి. ఆ చుక్క చర్మం మీద పడితే అంటుకుని గట్టిగా కాలుతుంది. కింద లోహపు పళ్ళెం పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. రంగు, పూత ఉన్న పోగుతో ఈ పరీక్ష ఒక్కోసారి తికమక పెడుతుంది. అనుమానంగా ఉంటే పూత లేని పోగుతో చేయండి.

పాలిస్టర్ బ్యాగు కొంటే తప్పా?

తప్పేం లేదు. కొన్ని చోట్ల పాలిస్టరే మేలు. ఎండకు నైలాన్ కన్నా బాగా నిలుస్తుంది, రంగు త్వరగా వెలవదు. నైలాన్ తన బరువులో 4 శాతం దాకా గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాలిస్టర్ 0.4 శాతమే. అందుకే తడి వాతావరణంలో నైలాన్ బట్ట కాస్త సాగి వదులైనట్టు ఉంటుంది, ఆరితే మళ్ళీ బిగుస్తుంది. ఎప్పుడూ ఎండలో ఉండే సంచికి, కవర్లకు పాలిస్టర్ తీసుకోండి. రాపిడి, లాగుడు, దెబ్బలు ఉంటే నైలాన్ తీసుకోండి.

"వాటర్‌ప్రూఫ్" అని రాసి ఉంటే వానలో లాప్‌టాప్ పెట్టుకుని వెళ్ళొచ్చా?

ఆ మాట మీద ఆధారపడకండి. నైలాన్ బట్ట దానంతటది నీటిని ఆపదు. లోపలి వైపు వేసిన పాలీయురెథేన్ పూత ఆపుతుంది. ఆ పూత ఎంత నీటి ఒత్తిడికి ఓర్చుకుంటుందో మిల్లీమీటర్లలో చెబుతారు. 1500 మిల్లీమీటర్లు అంటే ఒకటిన్నర మీటర్ల ఎత్తు నీటి స్తంభం పెట్టే ఒత్తిడి అన్నమాట. అయితే ఆ కొలత బట్టది, బ్యాగుది కాదు. సూది దిగిన ప్రతిచోటా కన్నమే. జిప్పు పళ్ళ మధ్య సందులు ఉంటాయి. కుట్ల మీద లోపల టేపు అతికించి ఉంటేనే వాన ఆగుతుంది. లేకపోతే అది జల్లుకు ఓర్చుకునే బ్యాగు మాత్రమే. లాప్‌టాప్‌ను విడిగా నీరు చొరని సంచిలో పెట్టి తీసుకెళ్ళండి.

కొనేముందు బ్యాగులో ఏమేం చూడాలి?

దాన్ని తిరగేయండి. బయటినుంచి అన్ని బ్యాగులూ బాగానే ఉంటాయి. కుట్టినవాళ్ళు ఎంత శ్రద్ధ పెట్టారో లోపలే తెలుస్తుంది.

కుట్ల లోపలి అంచు చూడండి. నైలాన్ అంచు కత్తిరించి వదిలేస్తే పీచు లేస్తూనే ఉంటుంది. కొన్నాళ్ళకు ఆ పీచు కుట్టు దాకా వచ్చి, కుట్టు ఊడిపోతుంది. బట్ట చెక్కుచెదరకపోయినా బ్యాగు విడిపోయేది ఇలాగే. అంచును పట్టీతో మూసి కుట్టారా? కుట్టుకు, కోసిన అంచుకు మధ్య కనీసం ఒక సెంటీమీటరు ఉందా? మూడు నాలుగు మిల్లీమీటర్లే ఉంటే ఆ బ్యాగును పక్కన పెట్టేయండి.

తర్వాత భుజం పట్టీలు. బరువంతా అక్కడే పడుతుంది. పట్టీ పై చివర ఒకటే వరస కుట్టు ఉంటే చాలదు. నలుచదరం గడి, దాని మధ్యలో గుణకారం గుర్తులా కుట్టు ఉండాలి. లేదంటే దట్టంగా ముందుకీ వెనక్కీ కుట్టిన బార్‌టాక్ ఉండాలి. పట్టీని ఒకే పొర బట్టకు కుట్టారా, వెనక ఇంకో పొర వేసి కుట్టారా అన్నది వేళ్ళతో తడిమితే తెలుస్తుంది.

జిప్పు ఎంత పెద్దదో చూడండి. 5, 8, 10 అనే సంఖ్యలు ఇంచుమించు మూసినప్పుడు పళ్ళ వెడల్పును మిల్లీమీటర్లలో చెబుతాయి. పెద్ద అరకు 8 గానీ 10 గానీ ఉండాలి. బ్యాగు నిండా సామాను పెట్టి, మూల మలుపు దగ్గర జిప్పు ఎలా నడుస్తుందో చూడండి. ఖాళీ బ్యాగు జిప్పు ఎప్పుడూ బాగానే నడుస్తుంది.

బట్టను ఇవన్నీ చూశాకే చూడండి.

రిప్‌స్టాప్ అంటే వేరే బట్టా?

కాదు, నేసే తీరు. సన్నని బట్టలో కొంత దూరానికొకటి లావు పోగు వేస్తూ గళ్ళుగా నేస్తారు. చిరుగు ఆ లావు పోగు దాకా వచ్చి ఆగుతుంది. తేలికైన బ్యాగులకు బాగుంటుంది. రాపిడికి మాత్రం ప్రత్యేకంగా ఏమీ చేయదు.

## వాడుతున్నప్పుడు

బ్యాగు తగిలే చోట నా చొక్కాలు అరిగి పీచు లేస్తున్నాయి. బట్టలో లోపమా?

లోపం కాదు, గరుకు పోగుల గుణం. కార్డురా రాపిడికి తట్టుకుంటుంది, దానికి రాసుకునే మెత్తని నూలు చొక్కా తట్టుకోలేదు. వీపుకు తగిలే వైపు మెత్తని జాలీ బట్ట ఉన్న బ్యాగు ఎంచుకోండి. ఇప్పటికే కొనేశారా? నడుముకు తగిలే చోట నున్నని బట్ట ముక్క కుట్టించుకోండి. చిన్న పనే, చొక్కాలు బతుకుతాయి.

నల్ల బ్యాగు గోధుమ రంగులోకి, ఊదాలోకి తిరుగుతోంది. ఎందుకు?

ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల. రంగే కాదు, నైలాన్ పోగు బలం కూడా తగ్గుతుంది. రంగు పోయిన భాగాన్ని గోటితో గీకితే పొడిలా రాలుతుంటే అక్కడ బట్ట అలసిపోయిందని అర్థం. బ్యాగును బాల్కనీలో, కారు వెనక అద్దం కింద వదిలేయకండి. ఎండపొడ పడే చోట పట్టీలు, కుట్టు దారమే ముందు పాడవుతాయి. వాటి మీద ఓ కన్నేసి ఉంచండి.

కొత్తలో నీళ్ళు ముత్యాల్లా జారేవి. ఇప్పుడు బట్ట తడిసి ముద్దవుతోంది. పూత పోయిందా?

లోపలి పూత కాకపోవచ్చు. బయటి వైపు నీటిని జార్చే పలచని పొర ఒకటి వేరుగా ఉంటుంది. మట్టి, చెమట, సబ్బు పట్టి అది పని మానేస్తుంది. ముందు బ్యాగును శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. చాలాసార్లు అంతటితోనే బాగవుతుంది. కాకపోతే నీటిని జార్చే స్ప్రే కొట్టండి. ఫ్లోరిన్ రసాయనాలు లేనివి ఇప్పుడు దొరుకుతున్నాయి, వాటినే తీసుకోండి. ఆ రసాయనాలు ప్రకృతిలో విడిపోకుండా చాలాకాలం ఉండిపోతాయి.

## కడగడం, దాచడం

వాషింగ్ మెషిన్‌లో వేయొచ్చా?

వద్దు. మెషిన్ తిప్పుడుకు లోపలి పూత మడతలు పడి పగులుతుంది, డ్రయ్యర్ వేడి దాన్ని ఊడగొడుతుంది. గోరువెచ్చని నీళ్ళు, ఘాటు లేని సబ్బు, మెత్తని బ్రష్షు చాలు. ముందు బ్యాగు తలకిందులు చేసి జేబుల్లోని ఇసుక దులపండి. జిప్పుల్లో ఇరుక్కున్న ఇసుకే వాటి రన్నర్లను అరగదీస్తుంది. కడిగాక సబ్బు పూర్తిగా పోయేదాకా నీళ్ళు పోసి, అన్ని అరలూ తెరిచి నీడలో వేలాడదీయండి. లోపల పూర్తిగా ఆరడానికి ఒక రోజు దాటొచ్చు.

మరకకు బ్లీచ్ వాడొచ్చా?

క్లోరిన్ బ్లీచ్ నైలాన్‌ను తినేస్తుంది, వాడకండి. ఆమ్లాలు కూడా నైలాన్‌కు శత్రువులే. బ్యాటరీ ఆసిడ్ చుక్క పడితే వెంటనే నీళ్ళు ధారగా పోసి కడగాలి. నూనె మరక మీద గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క వేసి, పది నిమిషాలాగి బ్రష్షుతో రుద్దండి.

కొన్నాళ్ళు వాడకుండా దాచాలంటే?

ప్లాస్టిక్ కవర్లో మూసి పెట్టకండి. తడి లేని, గాలి ఆడే చోట, లోపల కాగితం ఉండలు పెట్టి, జిప్పులు సగం తెరిచి ఉంచండి. వేడి, తేమ కలిసిన చోట మూసిపెట్టిన బ్యాగే, రోజూ వాడే బ్యాగు కన్నా ముందు పాడవుతుంది. "ఒక్కసారే వాడాను, ఇలా ఎలా అయింది?" అని బాధపడుతూ వచ్చేవాళ్ళ బ్యాగులు ఎక్కువగా ఇలాంటివే.

## పాడైనప్పుడు

బయట బట్ట కొత్తగానే ఉంది. లోపల జిగటగా, పొరలుగా రాలుతూ పుల్లటి వాసన వస్తోంది. ఏం చేయాలి?

రాలుతున్నది పాలీయురెథేన్ పూత. గాలిలోని తేమ ఆ పూత అణువుల గొలుసులను మెల్లగా తెంపుతుంది. వేడి తోడైతే ఇంకా త్వరగా. ఒకసారి మొదలయ్యాక వెనక్కి తీసుకురాలేం. పౌడరు చల్లితే జిగట కొన్నాళ్ళు తగ్గుతుంది, అంతే.

బ్యాగు పారేయక్కర్లేదు. నైలాన్ బాగానే ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో పూతను రుద్ది తీసేయండి. ముందు కనపడని మూలలో రంగు పోతుందేమో చూసుకోండి. కిటికీలు తెరిచి, నిప్పుకు దూరంగా కూర్చోండి. ఓపిక కావాలి, ఒక పెద్ద బ్యాగుకు ఒక పూట పడుతుంది. పూత అంతా పోయాక కడిగి ఆరబెట్టి, లోపల విడిగా ఒక లైనింగ్ సంచి వేసుకోండి. ఇక అది వానను ఆపదు గానీ, సామాను మోస్తుంది. ఇలా బాగుచేసిన బ్యాగులు ఆ తర్వాత చాలా ఏళ్ళు నడిచాయి.

పోగు ఒకటి పైకి లేచింది. లాగేయనా?

లాగకండి. బట్ట ముడుచుకుపోయి గీత పడుతుంది. మందపాటి సూదితో దాన్ని లోపలికి గుచ్చి వెనక్కి తీసుకెళ్ళండి. తెగిపోయిన పోగైతే మొదలు దాకా కత్తిరించండి.

మూలలో కన్నం పడింది. అతుకు వేస్తే నిలుస్తుందా?

కుడితే నిలుస్తుంది, అంటిస్తే అనుమానమే. కన్నం చుట్టూ కనీసం రెండు సెంటీమీటర్లు పెద్దదిగా, అదే మందం బట్ట ముక్క కోసి, దాని మూలలు గుండ్రంగా చేయండి. సూటి మూలలు తగిలి లేస్తాయి. అంచు లోపలికి మడిచి రెండు వరసలు కుట్టండి. మూలలకు తోలు ముక్క వేస్తే ఇంకా మంచిది.

జిప్పు మూసినా వెనకనుంచి తెరుచుకుంటోంది. జిప్పంతా మార్చాలా?

చాలాసార్లు అక్కర్లేదు. అరిగేది పళ్ళు కాదు, రన్నర్. దాని నోరు వెడల్పై పళ్ళను నొక్కలేకపోతుంది. పట్టకారుతో వెనక రెండు వైపులా కొద్దిగా, సమానంగా నొక్కితే కొన్నాళ్ళు పనిచేస్తుంది. అదే సైజు, అదే రకం కొత్త రన్నర్ వేస్తే పూర్తిగా బాగవుతుంది. పళ్ళు విరిగితేనే జిప్పు మార్చాలి.

## సొంతంగా కుట్టుకునేవాళ్ళకు

ఇంట్లో ఉండే కుట్టు మిషన్ 1000 డెనియర్‌ను కుడుతుందా?

రెండు పొరలు కుడుతుంది. 16 లేదా 18 నంబరు సూది, మూడు నాలుగు మిల్లీమీటర్ల కుట్టు పెట్టుకోండి. నూలు దారం వద్దు. కుళ్ళుతుంది, బట్ట కన్నా ముందే తెగుతుంది. లావైన పాలిస్టర్ దారం గానీ, మిషన్ ఒప్పుకుంటే టెక్స్ 70 (టెక్స్ అంటే దారం లావు కొలత) బాండెడ్ నైలాన్, అంటే పోగులు విడిపోకుండా పూత వేసిన నైలాన్ దారం గానీ వాడండి. పట్టీ, బట్ట, అంచు టేపు అన్నీ కలిసి ఆరేడు పొరలయ్యే చోట మోటారును బలవంతపెట్టకండి. చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టూ వేయండి. గుండుసూదులు గుచ్చితే పూతలో కన్నాలు మిగిలిపోతాయి, వాటికి బదులు క్లిప్పులు పెట్టుకోండి. తప్పు కుట్టు విప్పినా ఆ కన్నాలు పోవు. అందుకే మొదటిసారి పాత బట్ట మీద కుట్టి చూసుకోండి.

అంచు పీచు లేవకుండా ఎలా కోయాలి?

వేడి కత్తితో. అంచు కరిగి మూసుకుంటుంది. నైలాన్ రకాల్లో నైలాన్ 6 సుమారు 220 డిగ్రీల దగ్గర, నైలాన్ 6,6 సుమారు 265 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతాయి. ముక్క మీద చూసుకుని కత్తి వేడి సరిచేసుకోండి. బట్ట నల్లగా మాడితే వేడి ఎక్కువైనట్టు. పొగ పీల్చకండి, గాలి ఆడే చోట చేయండి. కరిగించిన అంచు పీచును కొంతకాలం ఆపుతుంది గానీ, రోజువారీ రాపిడికి పట్టీతో మూసి కుట్టాల్సిందే.

పూర్తిగా పాడైన బ్యాగును రీసైక్లింగ్‌కు ఇవ్వొచ్చా?

నైలాన్ 6ను మళ్ళీ దాని మూలపదార్థమైన కాప్రోలాక్టమ్‌గా విడగొట్టి కొత్త నైలాన్ చేయగలరు. కానీ పూత, జిప్పు, ఫోము, వేరే రకం దారం అన్నీ కలిసిన బ్యాగును విడదీయడం కష్టం, చాలాచోట్ల తీసుకోరు. నేనైతే ముందు కత్తెర పట్టుకుంటాను. బకిళ్ళు, రన్నర్లు, బాగున్న పట్టీలు విప్పి ఒక డబ్బాలో వేస్తాను. వీపు వైపు బట్ట సాధారణంగా కొత్తగానే ఉంటుంది, దాన్ని అతుకుల కోసం చదునుగా చుట్టి పెడతాను. ఎండలో రంగు పోయిన ముక్కలు మాత్రం దాచకండి, అవి కుట్టు దగ్గరే తెగుతాయి.